ఎండదెబ్బ తగిలిన ఫజ్

తాత రేడియో విప్పితే రెండు ఏసీ128లు దొరికాయి. పాతకాలం జర్మేనియం ట్రాన్సిస్టర్లు. గిటారు గొంతును బొంగురు చేసే కాలిపెట్టె, అదే ఫజ్ పెడల్, కట్టే మనవడికి లంకెబిందెలు దొరికినట్టే. 1966లో లండన్‌లో వచ్చిన ఫజ్ ఫేస్ అనే పెడల్‌లో ఉన్నవీ రెండు జర్మేనియంలే మరి. "మంచిగ పాడే రేడియో ఖరాబ్ జేసినవ్ గదరా" అని తాత మొదలుపెట్టిన పంచాయితీ ఇంకా తెగలేదు.

మల్టీమీటర్‌ రంధ్రాల్లో ట్రాన్సిస్టర్‌ను గుచ్చితే గెయిన్, అంటే కరెంటును ఎన్నింతలు చేస్తుందో ఆ లెక్క, 180 చూపించింది. నమ్మొద్దు. అది జీతం, గీతం కలిపి చెప్పిన లెక్క. అసలు లెక్క వేరే తీయాలి. ట్రాన్సిస్టర్‌కు మూడు కాళ్లు: ఎమిటర్, బేస్, కలెక్టర్. 9 వోల్టుల బ్యాటరీ ప్లస్ ఎమిటర్‌కు, మైనస్ నుంచి 2.2కె, 270 ఓముల రెసిస్టర్లు వరసగా కలిపి కలెక్టర్‌కు. బేస్ ఊరికే వదిలేసి ఆ రెసిస్టర్ల మీద వోల్టేజి చూడాలి. 0.25 వస్తే లీకేజీ, అంటే బేస్ అడగకుండానే కారిపోయే కరెంటు, 100 మైక్రోఆంపులు. ఆ గీతం ఇదే. తర్వాత మైనస్ నుంచి బేస్‌కు 2.2 మెగ్ రెసిస్టర్. రీడింగ్ 1.05కు ఎక్కితే పెరిగింది 0.80, గెయిన్ 80. పెడల్‌లో మొదటి ట్రాన్సిస్టర్ స్థానానికి అది సరిపోతుంది, లీకేజీ తక్కువున్నదే అక్కడ కూర్చోవాలి. రెండో స్థానానికి 110–130 కావాలి. ట్రాన్సిస్టర్‌ను వేళ్లతో పట్టుకుని కొలిస్తే వేడికి రీడింగ్ పెరుగుతూనే పోతుంది. ఐదు నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేయాలి.

మనవడు ఇవన్నీ చేశాడు. రెండోదాని కలెక్టర్‌కుండే 8.2కె రెసిస్టర్ స్థానంలో తిప్పితే విలువ మారే 20కె ట్రిమ్మర్ పెట్టి, అక్కడ సరిగ్గా 4.5 వోల్టులు వచ్చేదాకా తిప్పాడు. కాకపోతే తిప్పింది పొద్దున ఆరింటికి.

మధ్యాహ్నం రెండింటికి, నల్లగొండ మే నెల, పైన రేకులు. పది డిగ్రీలు పెరిగితే జర్మేనియం లీకేజీ ఇంచుమించు రెట్టింపు. మొదటిది కరెంటంతా తాగేసి కూర్చుంటే రెండోదానికి బేస్ దగ్గర ఏమీ మిగలదు. తీగ మీటితే నీళ్లు లేని బోరు నడిచినట్టు గుర్రుగుర్రుమని ఆగిపోయింది. బ్యాటరీ మార్చాడు. కేబుల్ మార్చాడు. టంకం సరిగ్గా లేదేమోనని ట్రాన్సిస్టర్ కాళ్లు మళ్లీ కాల్చాడు, అదీ వేడి లాగేసే మొసలి క్లిప్పు తగిలించకుండా. జ్వరమొచ్చినోన్ని పొయ్యి పక్కన పండబెట్టినట్టు.

విసుగొచ్చి పెడల్‌ను నీళ్ల రంజన్ మీద మూతలా పడేశాడు. పావుగంటకు గొంతు లేచింది.

"నీళ్లు ముంచుకుందామంటే వైర్లేందిరా?" అని అమ్మ.

చివరికి సిలికాన్ బీసీ108లకు మారాడు. ఎండ బాధ దాదాపు లేదు. అవి ఎన్‌పీఎన్, అంటే ప్లస్ మైనస్ తారుమారైన రకం కాబట్టి బ్యాటరీనీ, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లనూ తిప్పి పెట్టాలి, పెట్టాడు. కానీ గెయిన్ ఎక్కువైతే ఇవి గాలిలో పోయే రేడియో తరంగాలను కూడా పట్టుకుంటాయి. సాయంత్రం గిటారు ముట్టకుండానే ఆంప్‌లో సన్నగా వార్తలు మొదలయ్యాయి. బేస్‌కూ కలెక్టర్‌కూ మధ్య 100 పికోఫారడ్ల కెపాసిటర్ ఒకటి పెడితే అవి ఆగుతాయి.

తాత పెట్టనిస్తలేడు.