ఆయుధ సంస్థలతో రహస్య ఒప్పందాలు వద్దు

ఆయుధ తయారీ సంస్థలతో చేతులు కలిపే ఏ విశ్వవిద్యాలయమైనా ఆ ఒప్పందాల పూర్తి పాఠాన్ని తన అధ్యాపకుల ముందు, విద్యార్థుల ముందు, ప్రజల ముందు పెట్టగలగాలి. అలా పెట్టలేని ఒప్పందంపై సంతకం చేయకూడదు. ఈ విషయంలో ఇంతకన్నా మెతకైన ప్రమాణం చాలదని మేం భావిస్తున్నాం.

2018 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని కైస్ట్ విశ్వవిద్యాలయం హన్వా సిస్టమ్స్ అనే ఆయుధ సంస్థతో కలిసి, కృత్రిమ మేధను రక్షణ అవసరాలకు మలిచే పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించింది. రెండు నెలలు తిరక్కుండానే దాదాపు 30 దేశాలకు చెందిన 50 మందికి పైగా పరిశోధకులు, ఆస్ట్రేలియాకు చెందిన ఆచార్య టోబీ వాల్ష్ చొరవతో, కైస్ట్‌తో ఎలాంటి సహకారమూ ఉండబోదని బహిరంగ లేఖ రాశారు. మనిషి అదుపు లేకుండా తమంతట తామే గురిచూసి చంపే ఆయుధాలను తయారు చేయబోమని కైస్ట్ అధ్యక్షుడు హామీ ఇచ్చాక వారు బహిష్కరణను విరమించారు. కథ సుఖాంతమైనట్లే కనిపిస్తుంది. కానీ ఆ హామీ పరాయి దేశాల శాస్త్రవేత్తలు నిలదీశాక గానీ రాలేదు. కేంద్రం తలుపులు తెరవక ముందే ఆ విశ్వవిద్యాలయంలోని వారే అడగవలసిన ప్రశ్న అది.

తమ చేతుల్లోంచి వెళ్లిపోయిన పరిశోధన ఏమవుతుందో నిర్ణయించే శక్తి విశ్వవిద్యాలయాలకు ఉండదని నాపామ్ చరిత్ర చెబుతోంది. హార్వర్డ్ రసాయన శాస్త్రవేత్త లూయీ ఫీజర్ బృందం రూపొందించిన ఆ మండే జిగురును 1942 జూలై 4న ఆ విశ్వవిద్యాలయపు బిజినెస్ స్కూల్ సమీపంలోని మైదానంలోనే పరీక్షించారు. మూడేళ్లు కాకముందే, 1945 మార్చి 9 రాత్రి, ఆ జిగురు నింపిన బాంబులు టోక్యో మీద కురిసి సుమారు లక్ష మందిని బలిగొన్నాయి. ఆ తర్వాత కొరియాలో, వియత్నాంలో అదే నిప్పు ఊళ్ల మీద పడింది. 1967 అక్టోబరులో డౌ కెమికల్ సంస్థ ఉద్యోగాలిస్తామంటూ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వచ్చినప్పుడు, ఆ సంస్థ నాపామ్ తయారు చేస్తున్నదని అడ్డుకూర్చున్న విద్యార్థులను పోలీసులు లాఠీలతో చెదరగొట్టారు. నాపామ్‌ను కనిపెట్టినంత మాత్రాన దాని నైతికతను తేల్చే హక్కు తనకు రాదని ఫీజర్ అనేవారు. నాజీలతో యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఆయన చేసిన పనిని ఈనాడు తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ మాట ఒక విశ్వవిద్యాలయం నోట రావడాన్ని మాత్రం మేం అంగీకరించలేం. ఏది తెలుసుకోదగినది, ఏది చేయదగినది అని విచారించడానికే సమాజం దాన్ని పోషిస్తోంది.

దేశ రక్షణ అనే వాదన తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. 2022లో యుక్రెయిన్ మీదికి రష్యా సేనలు వచ్చిపడ్డాక, ఆయుధాలు లేని ప్రజలకు నీతిబోధ చేసే అర్హత ఎవరికీ లేదు. ఆత్మరక్షణ హక్కును ఐక్యరాజ్య సమితి నియమావళిలోని 51వ అధికరణం కూడా గుర్తించింది. అయితే దేశాన్ని కాపాడుకోవడం వేరు, అమ్ముకోవడానికి ఆయుధాలు తయారు చేయడం వేరు. తయారీ సంస్థ తన సరుకును ఏ దేశానికి అమ్మాలో ప్రభుత్వ అనుమతులను బట్టి, లాభాన్ని బట్టి నిర్ణయించుకుంటుంది. 2014 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఆయుధ వాణిజ్య ఒడంబడిక సైతం బాధ్యతను దేశాల మీదే పెట్టింది. ఈ నిర్ణయాల్లో ఎక్కడా విశ్వవిద్యాలయాన్ని అడిగేవారు ఉండరు. ఇంటర్నెట్‌కు మూలమైన అర్పానెట్ రక్షణ నిధులతోనే పుట్టింది కదా అని గుర్తుచేసేవారున్నారు. నిజమే. కానీ అందుకు డబ్బిచ్చింది ఆయుధాలమ్మే వ్యాపార సంస్థ కాదు, ప్రభుత్వ విభాగం. పైగా ఆ నెట్‌వర్క్ రూపకల్పన చర్చలు 1969 ఏప్రిల్ నుంచీ ఎవరైనా చదివి సవరణలు సూచించగల పత్రాలుగా వెలువడ్డాయి. దాని ఫలితం లోకానికంతటికీ దక్కడానికి ఆ బాహాటత్వం ఒక ముఖ్య కారణం.

ఈ ఒప్పందాల అసలు బరువు పడేది పరిశోధక విద్యార్థి మీద. మసక వెలుతురులో తీసిన చిత్రాల్లో వస్తువులను గుర్తుపట్టే పద్ధతిని మెరుగుపరచడం అతనికి ఇచ్చిన పని అనుకుందాం. అది రాత్రిపూట దారితప్పిన వారిని వెతకడానికీ పనికొస్తుంది, క్షిపణి కొనలోని కెమెరాకూ పనికొస్తుంది. వ్యాసం రాశాక పత్రికకు పంపే ముందు సంస్థకు చూపాలని ఒప్పందం అంటుంది. సంస్థ కొన్ని పేరాలు తీసేయమంటుంది, లేదా కొన్ని నెలలు ఆగమంటుంది. ఉద్యోగ దరఖాస్తులో చూపుకోవలసిన వ్యాసం ఈలోగా ఫైల్లోనే ఉండిపోతుంది. ఈ పని నాకిష్టం లేదని చెప్పాలంటే, అతని ఫెలోషిప్ ఆ ప్రాజెక్టు నుంచే వస్తోంది, గైడూ ఆ ప్రాజెక్టుకు అధిపతే. ఇలాంటి చోట కాదనే స్వేచ్ఛ కాగితం మీద ఉన్నా లేనట్టే.

కొన్ని సంస్థలు గీత గీసుకున్నాయి. అపోలో నౌకలకూ పొసైడన్ అణు క్షిపణులకూ దారిచూపే పరికరాలు రూపొందించిన తన ప్రయోగశాలను, 1969 నాటి విద్యార్థుల, అధ్యాపకుల నిరసనల తర్వాత, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం 1973లో పూర్తిగా విడదీసింది. క్షిపణుల పని ఆగలేదన్నది వాస్తవమే. అయినా అక్కడ చేరేవారికి ఏ పనికి చేరుతున్నామో తెలిసింది. సైనిక పరిశోధనలకు దూరంగా ఉంటామని 1950లో, 1967లో ప్రకటించిన జపాన్ సైన్స్ కౌన్సిల్ 2017లో ఆ మాటకే కట్టుబడింది. జర్మనీలో బ్రెమెన్ విశ్వవిద్యాలయం 1986లోనే పౌర ప్రయోజనాల పరిశోధనకే పరిమితమవుతామని తీర్మానించింది. అలాంటి నిబంధనలను నిషేధిస్తూ అదే దేశంలోని బవేరియా రాష్ట్రం 2024లో చట్టం చేయడం మమ్మల్ని కలవరపరుస్తోంది. ఒప్పుకునే స్వేచ్ఛను ఉంచి, కాదనే స్వేచ్ఛను లాగేసుకోవడం విద్యాస్వాతంత్ర్యం అనిపించుకోదు.

కనుక ఒప్పందానికి పాలక మండలి అనుమతి చాలదు, అధ్యాపకులూ విద్యార్థి ప్రతినిధులూ ఉన్న సంఘం ముందు దాని మీద చర్చ జరగాలి. ప్రచురణను ఆపే అధికారం సంస్థకు ఉండకూడదు. క్లస్టర్ బాంబులు, మందుపాతరల వంటి, అంతర్జాతీయ ఒడంబడికలు నిషేధించిన ఆయుధాలు తయారు చేసేవారితో ఏ రూపంలోనూ పొత్తు ఉండకూడదు. ప్రాజెక్టు నుంచి తప్పుకోదలచిన విద్యార్థికి మరో గైడును, అంతే మొత్తం ఫెలోషిప్‌ను ఇస్తామని ప్రవేశ సమయంలోనే రాతపూర్వకంగా చెప్పాలి. ఇప్పటికే నడుస్తున్న ఒప్పందాల పాఠాలను వచ్చే విద్యాసంవత్సరం ప్రవేశాలకు ముందే బయటపెట్టాలి.