ఏకపక్ష మ్యాచ్‌కి పిట్టకథే దిక్కు

2025 మార్చి 29, న్యూయార్క్. బేస్‌బాల్ మ్యాచ్. మిల్వాకీ బ్రూవర్స్ జట్టు పిచ్చర్, అంటే మన బౌలర్ లాంటివాడు, నెస్టర్ కోర్టెస్ మొదటి బంతి విసిరాడు. న్యూయార్క్ యాంకీల జట్టు బ్యాటర్ పాల్ గోల్డ్‌ష్మిట్ దాన్ని స్టాండ్స్‌లో పడేశాడు. రెండో బంతికి కోడీ బెలింజర్ అదే పని చేశాడు. మూడో బంతికి ఆరన్ జడ్జ్. మూడు బంతులు, మూడు హోమ్ రన్లు. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఇంకా సీటు నంబర్లు చూసుకుంటూనే ఉన్నారు. పోనీ కోర్టెస్ ఏమైనా కొత్తవాడా అంటే, ముందు ఏడాది వరకూ ఆ యాంకీలకే ఆడినవాడు. మ్యాచ్ ముగిసేసరికి యాంకీలు 20, బ్రూవర్స్ 9. యాంకీల హోమ్ రన్లే తొమ్మిది.

తర్వాత వారమంతా అమెరికాలో బేస్‌బాల్ అభిమానుల నోట ఒకటే మాట: టార్పెడో బ్యాట్. కొస దగ్గర సన్నబడి, బంతి ఎక్కువగా తగిలే చోట లావుగా ఉండే కొత్తరకం బ్యాట్ అది. యాంకీలలో కొందరు దాంతోనే ఆడారు. మోసమని కొందరు, నిబంధనల ప్రకారమే ఉందని కొందరు వాదించుకున్నారు. ఆ రోజు మూడు హోమ్ రన్లు కొట్టిన జడ్జ్ చేతిలో ఉన్నది మామూలు బ్యాటేనన్న సంగతి ఆ రభసలో సగం మందికి పట్టలేదు.

బ్రూవర్స్ కష్టాలు అక్కడితో ఆగలేదు. న్యూయార్క్‌లో మూడు మ్యాచ్‌లూ పోయాయి: 4-2, 20-9, 12-3. సొంతూరికి వస్తే కాన్సస్ సిటీ 11-1తో ఉతికింది. నాలుగు మ్యాచ్‌లలో ఇచ్చుకున్న రన్నులు 47, తెచ్చుకున్నవి 15. పైగా 1971 నుంచి ఆ జట్టుకి రేడియోలో గొంతుగా ఉన్న బాబ్ యూకర్ ఆ జనవరి 16న, 90 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. 20-9 లాంటి మ్యాచ్ వినడానికి మిల్వాకీ జనానికి అన్నాళ్లూ ఒక కారణం ఉండేది. సరిగ్గా అవసరమైన రోజున ఆ కారణం లేకుండా పోయింది.

ఉత్కంఠగా సాగే మ్యాచ్‌ని ఎవరు చెప్పినా జనం వింటారు. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, సమాన స్కోరు, రన్నుకి ఒక్క అంగ దూరంలో మూడో బేస్‌లో మనిషి ఉన్నప్పుడు వ్యాఖ్యాత స్కోరు చదివితే చాలు, మిగతాది ఆట చూసుకుంటుంది. నాలుగో ఇన్నింగ్స్‌కే ఫలితం తేలిపోయి, ఇంకా గంటన్నర ఆట మిగిలి ఉన్నప్పుడే వ్యాఖ్యాత సరుకెంతో బయటపడుతుంది. మన హరికథలో దాసుగారు జనం ఆవులింతలు చూసి పిట్టకథ ఎత్తుకుంటారు. రుక్మిణీ కల్యాణం మధ్యలో అల్లుడికి మర్యాదలు తక్కువైన కథేదో చెప్పి, పందిరంతా నవ్వించి, మళ్లీ చిడతలు అందుకుంటారు. బేస్‌బాల్ వ్యాఖ్యానం కూడా అటువంటి విద్యే. ఏకపక్ష మ్యాచ్ దానికి పరీక్ష.

క్రికెట్ చూసే మనకి ఇది వెంటనే తట్టదు. మన ఏకపక్ష మ్యాచ్ త్వరగా అయిపోతుంది మరి. 2023 ఆసియా కప్ ఫైనల్లో మన హైదరాబాద్ సిరాజ్ ఆరు వికెట్లు తీశాడు, శ్రీలంక 50కే ఆలౌటైంది, భారత్ 6.1 ఓవర్లలో ముగించేసింది. కొలంబోలో టికెట్ కొన్నవాళ్లకి పాపం బోలెడంత సాయంత్రం మిగిలింది. బేస్‌బాల్‌లో డిక్లరేషన్ లేదు, లక్ష్యం అందగానే మూటాముల్లె సర్దుకునే సౌకర్యం ఆఖరి ఇన్నింగ్స్‌లో ఆతిథ్య జట్టుకి తప్ప లేదు. 20 రన్నుల ఆధిక్యం ఉన్నా అవతలివాళ్లని ఇన్నింగ్స్‌కి మూడు చొప్పున తొమ్మిది ఇన్నింగ్స్‌లో 27 సార్లు అవుట్ చేసి తీరాలి. ఒక జట్టు ఎంత ఎక్కువ బాదితే మ్యాచ్ అంత సాగుతుంది. సీజన్‌కి ఒక్కో జట్టుకి మ్యాచ్‌లు 162.

ఎవరో ఒకరు కబుర్లు చెప్పకపోతే ఎలా గడుస్తుంది?

యూకర్ ఆటగాడిగా అంతంత మాత్రమే. ఆరు సీజన్లలో 14 హోమ్ రన్లు, బ్యాటింగ్ సగటు 0.200. అంటే పది ప్రయత్నాలకి రెండు హిట్లు. ఆ రెండు హిట్లనే పెట్టుబడిగా పెట్టి 54 సీజన్లు మైకు ముందు బతికాడు. ఆ 14 హోమ్ రన్లలో ఒకటి శాండీ కోఫాక్స్ అనే మహా పిచ్చర్ మీద కొట్టింది. ఆ ఒక్కదాని వల్ల కోఫాక్స్‌కి హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే ఆట దిగ్గజాల జాబితాలో, చోటు దక్కకుండా పోతుందేమోనని భయపడ్డానని చెప్పుకునేవాడు. గింగిరాలు తిరగకుండా వంకరటింకరగా వచ్చే నకిల్‌బాల్‌ని కీపర్‌గా ఎలా పట్టాలని అడిగితే, అది దొర్లడం ఆపేదాకా ఆగి తీసుకోవడమే అన్నాడు. తన మీద తనే వేసుకునే జోకులివి. 15 రన్నుల తేడాతో ఓడుతున్న జట్టు గురించి మాట్లాడేటప్పుడు ఆ గుణం ఎంత పనికొస్తుందో చెప్పక్కర్లేదు. ఓటమి రుచి తెలిసినవాడు ఓడుతున్నవాణ్ని వెటకరించినా జనానికి కోపం రాదు.

న్యూయార్క్‌లో ఫిల్ రిజుటో మరో రకం. యాంకీలకి గొప్ప షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్), 1950లో అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడు. తర్వాత సుమారు 40 ఏళ్లు అదే జట్టుకి వ్యాఖ్యాత. మైకులో పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పేవాడు, ఎవరో పంపిన ఇటాలియన్ మిఠాయిల రుచి వర్ణించేవాడు, బ్రిడ్జి మీద ట్రాఫిక్ పెరగకముందే ఇల్లు చేరాలని మ్యాచ్ ముగియకుండానే లేచిపోయేవాడు. బేస్‌బాల్ అభిమానులు ప్రతి బంతినీ గుర్తులతో నమోదు చేసుకునే స్కోర్‌బుక్ ఒకటుంటుంది. రిజుటో పుస్తకంలో కొన్ని గళ్లలో 'డబ్ల్యూ డబ్ల్యూ' అని ఉండేది. అదేం గుర్తని అడిగితే, 'వాజంట్ వాచింగ్', అంటే 'నేను చూడలేదు' అని అర్థమట. జీతం తీసుకుని మ్యాచ్ చెప్పాల్సిన మనిషి అంత నిజాయితీగా రాసుకున్నందుకు నాకైతే ముచ్చటేస్తుంది. ఇవాళ ఏ చానెల్లోనైనా ఇలాంటివాణ్ని వారం రోజులు ఉంచుతారా అన్నది అనుమానమే.

రంగులద్దే వ్యాఖ్యాతలంతా గొప్పవాళ్లని కాదు. తమ జట్టుకి భజన చేసేవాళ్లున్నారు, వాళ్ల చేతిలో ఏకపక్ష మ్యాచ్ పడితే గెలిస్తే ఊరేగింపు, ఓడితే అంపైర్ మీద చాడీ. డాడ్జర్స్ జట్టు వ్యాఖ్యాత విన్ స్కల్లీ వీళ్లకి పూర్తిగా ఎదురు కొస. 1950 నుంచి 2016 దాకా 67 సీజన్లు, ఎక్కువ భాగం పక్కన తోడు లేకుండా ఒక్కడే. 1958లో జట్టు లాస్ ఏంజెలెస్‌కి వచ్చిన కొత్తలో ఆడిన స్టేడియం ఎంత పెద్దదంటే, వెనక వరుసల వాళ్లు ట్రాన్సిస్టర్ తెచ్చుకుని, కళ్లెదుట జరుగుతున్నదాన్నే స్కల్లీ నోట వినేవారు. కబుర్లతో బండి నడిపిన ఆ మనిషికే నోరు మూసుకోవడం ఎప్పుడో కూడా తెలుసు. 1974లో హ్యాంక్ ఆరన్ 715వ హోమ్ రన్‌తో బేబ్ రూత్ రికార్డు దాటినప్పుడు, మైకు వదిలి చాలాసేపు జనం హోరునే వినిపించాడు.

అసలు ఇంత తేడా వచ్చాక ఆటని ఆపేస్తే పోలేదా అనే వాదన ఒకటి ఎప్పుడూ ఉంది. వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో ఆ పద్ధతి ఉంది: ఐదు ఇన్నింగ్స్ తర్వాత 15 రన్నుల తేడా ఉన్నా, ఏడు తర్వాత 10 ఉన్నా ముగించేస్తారు. అమెరికాలో అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌కి ఇది వద్దంటాను. 2001 ఆగస్టు 5న క్లీవ్‌లాండ్ మీద సియాటిల్ 14-2 ఆధిక్యంలో ఉంది. ఆ ఏడాది 116 మ్యాచ్‌లు గెలిచిన సియాటిల్ అది. ఏడో ఇన్నింగ్స్‌లో క్లీవ్‌లాండ్ మూడు తెచ్చుకుంది, 14-5. తేడా తొమ్మిది. ఆ నిబంధన ఉండి ఉంటే ఒక్క రన్నుతో గట్టెక్కినట్టు. ఎనిమిదిలో నాలుగు, తొమ్మిదిలో ఐదు, పదకొండులో ఒకటి. క్లీవ్‌లాండ్ 15-14తో గెలిచింది. ఇలాంటిది ఏ పదేళ్లకో ఒకటి జరుగుతుంది, నిజమే. ఆ ఒక్కదాని కోసం మిగతావన్నీ భరించే అభిమానులున్నారు.

ఏకపక్ష మ్యాచ్‌లో వింతలకి కొదవ ఉండదు. 2007 ఆగస్టు 22న బాల్టిమోర్‌లో ఆతిథ్య జట్టు మూడు ఇన్నింగ్స్ తర్వాత 3-0తో ముందుంది. ఆఖరికి టెక్సాస్ రేంజర్స్ 30-3తో గెలిచింది. ఒక జట్టు 30 రన్నులు చేయడం 1897 తర్వాత అదే మొదలు. ఆ స్కోరుకన్నా అభిమానులు ఎక్కువ చెప్పుకునేది వెస్ లిటిల్‌టన్ అనే పిచ్చర్ గురించి. ఆఖరి మూడు ఇన్నింగ్స్ వేసి మ్యాచ్ ముగించినవాడికి ఆధిక్యం ఎంతున్నా, గెలుపు కాపాడినందుకు 'సేవ్' రాయాలని నిబంధన. 27 రన్నుల తేడాతో గెలిచిన మ్యాచ్‌ని లిటిల్‌టన్ 'కాపాడాడు'. పుస్తకంలో ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంకో వింత, ఓడుతున్న జట్టు పిచ్చర్లని దాచుకుని ఏ ఫీల్డర్‌కో బంతి ఇవ్వడం. మరీ ఎక్కువైపోతోందని 2023లో కట్టడి చేశారు: ఎనిమిది రన్నులు వెనకబడ్డ జట్టుకి, లేదా తొమ్మిదో ఇన్నింగ్స్‌లో పది ముందున్న జట్టుకి మాత్రమే, అదనపు ఇన్నింగ్స్‌లోనైతే ఎవరికైనా. అంతకు రెండేళ్ల ముందు, మిన్నెసోటా మీద 15-4తో ముందున్న వైట్ సాక్స్ బ్యాటర్ యెర్మిన్ మెర్సిడెస్, ఇలాంటి ఫీల్డర్ గంటకి సుమారు 75 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతిని హోమ్ రన్ కొట్టాడు. పడ్డవాణ్ని కొట్టకూడదన్న అలిఖిత నియమం తప్పాడని సొంత మేనేజర్ టోనీ లా రూసానే పత్రికల ముందు తిట్టాడు. అవతలివాళ్లు ఫీల్డర్‌తో బంతులేయించి ఆటని ఎగతాళి చేయొచ్చట, ఇతను బ్యాట్ ఊపకూడదట. నేను మెర్సిడెస్ పక్షమే.

మారింది ఆట కాదు, ఆ ఖాళీ సమయాన్ని నింపే సరుకు. 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో రాష్ట్రాలకి పందేలు చట్టబద్ధం చేసుకునే వీలు దొరికాక, 12-1 మ్యాచ్‌లో పిట్టకథ చెప్పాల్సిన చోట తర్వాతి బ్యాటర్ మీద పందెం ధర ఎంతో వినిపిస్తోంది. అది లేకపోతే బంతి బ్యాట్‌ని వదిలిన వేగం. అంకెలు వద్దని నేననను, ఈ వ్యాసమే అంకెల మీద నడుస్తోంది. కానీ వ్యాఖ్యాత నోట అంకె కథగా మారకపోతే, తెర మీద వేస్తే చాలు కదా, మనిషెందుకు?

కథ చెప్పడానికి 2025లో కొలరాడో రాకీస్‌ని మించిన సరుకు ఏముంది? 43 గెలుపులు, 119 ఓటములు. సీజన్ మొత్తం మీద చేసినవాటికన్నా 424 రన్నులు ఎక్కువ ఇచ్చుకున్నారు, ఆధునిక బేస్‌బాల్‌లో అంత అధ్వాన్నం ఇంకొకటి లేదు. మే 10న శాన్ డియేగో చేతిలో 21-0. మర్నాడు 9-3తో గెలిచారు, గెలిచిన కాసేపటికే మేనేజర్ బడ్ బ్లాక్‌ని తీసేశారు. ఆగస్టు 1న పిట్స్‌బర్గ్ మొదటి ఇన్నింగ్స్‌లోనే తొమ్మిది రన్నులు చేస్తే టీవీ కట్టేసినవాళ్లు ఎందరో. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఐదు రన్నులు చేసి, బ్రెంటన్ డాయిల్ హోమ్ రన్‌తో రాకీస్ 17-16తో గెలిచారు.

మార్చిలో 47-15తో చావుదెబ్బ తిన్న బ్రూవర్స్ సంగతి చెప్పలేదు కదూ. ఆగస్టులో వరసగా 14 గెలిచారు. సీజన్ 97-65తో ముగించారు, మేజర్ లీగ్ మొత్తంలో అదే మెరుగైన రికార్డు. ప్లేఆఫ్స్‌లో మాత్రం డాడ్జర్స్ చేతిలో నాలుగుకి నాలుగూ ఓడారు. యూకర్ ఉంటే దాన్ని ఎలా చెప్పేవాడో ఊహించుకోవడమే.

వాళ్ల స్టేడియంలో పై అంతస్తు చిట్టచివరి వరుసలో యూకర్ విగ్రహం ఒకటి కూర్చుని ఉంటుంది. ఒకప్పటి బీరు ప్రకటనలో, నన్ను ముందు వరుసలోకి తీసుకెళ్తారు కాబోలు అని ధీమాగా అని, ఆఖరి వరుసలో తేలిన జోకుకి గుర్తు అది. డాలర్ టికెట్ సీట్లని పేరుపడ్డ చోటు. పైకప్పు మోసే స్తంభం అడ్డమొచ్చి మైదానం సరిగా కనబడదు. విగ్రహం పక్క సీటు ఖాళీగా ఉంటుంది, మ్యాచ్ చప్పబడ్డప్పుడు జనం మెట్లెక్కి వచ్చి అందులో కూర్చుంటారు.