టీనేజర్ల మూల అంటే రంగు కుర్చీలు కాదు

కడప గ్రంథాలయాలకు టీనేజర్లు రావడం లేదని, వాళ్ల కోసం రంగుల కుర్చీలతో ఓ మూల కట్టాలని ఓ వ్యాసంలో రాశారు. కుర్చీలు తర్వాత, ముందు వేళలు చూడండి. చాలా శాఖా గ్రంథాలయాలు ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7 దాకా తెరుస్తారు, శుక్రవారం సెలవు. బడి, ట్యూషన్ పోను పిల్లలకు మిగిలేది ఆదివారమే. పిల్లలు కలిసి చదివి మాట్లాడుకునే పఠన బృందం ఆ రోజు పెట్టాలి. మే నెలలోనైతే ఉదయం 8కే, పది దాటితే మన ఎండకు ఎవరూ రారు.

బృందంలో 12 మందికి మించకూడదు. నవల వద్దు, రెండో వారానికే సగం మంది జారుకుంటారు. 6-8 పేజీల కథ, ఇద్దరికో ప్రతి, 20 నిమిషాలు చదవడం, 25 నిమిషాలు మాట్లాడుకోవడం. టీచర్‌లా ప్రశ్నలు వేశారో, అంతే సంగతులు!

ఇంకొకటి: టీనేజ్ పుస్తకాలను పోటీ పరీక్షల గైడ్ల పక్కన పెట్టొద్దు. నిరుద్యోగ అభ్యర్థులు నిశ్శబ్దం కోరతారు, పిల్లలు మాట్లాడతారు, చివరికి గెంటేసేది పిల్లల్నే. వేరే గది లేకపోతే వరండా చాలు. డబ్బులంటారా, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం కదా.