సవరణ: పేషెంటుకు ఏమైందో అంబులెన్స్‌వాళ్లకు చెప్పొచ్చా?

అమెరికాలో పేషెంటు రాతపూర్వక అనుమతి లేకుండా ఆస్పత్రి ఆ వివరాలు, పేషెంటును తెచ్చిన అంబులెన్స్ సంస్థకు ఇవ్వకూడదని నిన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. హిపా అనే అమెరికా ఆరోగ్య సమాచార చట్టం కింద ఉన్న ప్రైవసీ నిబంధన (ఫెడరల్ నిబంధనల సంపుటిలో 45 సీఎఫ్ఆర్ 164.506) ప్రకారం చికిత్స కోసమైతే అనుమతి అక్కర్లేదు. అంబులెన్స్‌వాళ్లు తమ పని ఎలా జరిగిందో చూసుకునే నాణ్యత సమీక్షకూ అక్కర్లేదు గానీ, దానికి షరతులున్నాయి: రెండు సంస్థలూ హిపా పరిధిలో ఉండాలి, ఆ పేషెంటును రెండూ చూసి ఉండాలి, అవసరమైనంతే ఇవ్వాలి. స్ట్రోక్ కేసులో తుది డయాగ్నసిస్, సీటీ రిపోర్టు చాలు. పాత సైకియాట్రీ నోట్సుతో పనేముంది? ఎలక్ట్రానిక్ బిల్లింగ్ లేని వాలంటీర్ అంబులెన్సులు ఈ పరిధిలోకి రాకపోవచ్చు.

అసలు చిక్కు చట్టం కన్నా రికార్డులు కలపడంలోనే ఎక్కువ. అంబులెన్స్ ఒక్కో ట్రిప్పుకు ఇచ్చే రన్ నంబరు వేరు, ఆస్పత్రి పేషెంటుకు ఇచ్చే ఎంఆర్‌ఎన్ (మెడికల్ రికార్డ్ నంబరు) వేరు. పేషెంటును అప్పగించేటప్పుడే రన్ నంబరును ఆస్పత్రి చార్టులో ఎక్కించాలి.