పురుగును చూడకుండానే మందు కొట్టే విద్య

1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ మొరాయిస్తే, అక్కడి సిబ్బంది వెతికి, ఒక రిలేలో (విద్యుత్తుతో పనిచేసే స్విచ్‌లో) ఇరుక్కున్న రెక్కల పురుగును పట్టి, లాగ్ పుస్తకంలో టేపుతో అంటించి, పక్కన వివరం రాసిపెట్టారు. వెతకడం, పట్టుకోవడం, రాసిపెట్టడం అనే ఈ మూడు దురలవాట్లను ప్రోగ్రాములోని తప్పును ‘బగ్’, అంటే పురుగు, అని పిలిచే మన వృత్తి ఎంత వెనక వదిలేసి వచ్చిందో తలచుకుంటే, మునుగోడు దగ్గరి పల్లెలో ఇంటి నుంచే పనిచేసే నాబోటి ప్రోగ్రామర్‌కు ఒళ్లు పులకరిస్తుంది.

మా నాయన పత్తి రైతు. గులాబీ రంగు పురుగు అనుమానం రాగానే ఆయన మందు కొట్టడు. చేనులో మగ పురుగులను వాసనతో రప్పించే లింగాకర్షక బుట్టలు కట్టి, ఒక్కో బుట్టలో వరుసగా మూడు రోజులు రోజుకు 8 చొప్పున రెక్కల పురుగులు పడితే తప్ప పంపు వీపుకు తగిలించుకోడు. ఇంత ఓపిక సాంకేతిక రంగానికి తగదని సవినయంగా మనవి చేస్తున్నాను. మాలో ఎర్రర్ మెసేజ్‌ను చివరిదాకా చదవడం చాదస్తం, ప్రోగ్రాము నడకను నమోదు చేసే లాగ్ తెరవడం పిరికితనం. నెట్‌లో దొరికిన నాలుగు పరిష్కారాలను ఒకేసారి అతికించి, ఏది పనిచేసిందో తెలియకముందే ‘చిన్న మార్పు’ అని రాసి, కోడ్ మార్పులను దాచిపెట్టే గిట్‌లోకి తోసేయడం వృత్తిధర్మం. (నాలుగు మందులు కలిపి కొట్టవద్దని వ్యవసాయాధికారులు అంటారు గానీ, పాపం, వాళ్లకు డెడ్‌లైన్ల సంగతి ఏం తెలుసు?)

మానసిక ఆరోగ్యానికి తప్పు నాది కాదన్న నమ్మకం చాలు. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అని ఇటలీకి చెందిన సిరిల్లో టమాట ఆకారపు గడియారంతో నేర్పిన పద్ధతినీ అవలంబిస్తున్నాను. అందులో విరామం వంతును ఎన్నడూ తప్పలేదు.

మొన్న తెల్లవారుజామున 4 గంటలకు నాయన చేనుకు పోతూ నా గదిలో వెలుతురు చూసి ఆగాడు. “ఇంకా పండలేదారా? ఏడ తప్పిందో చూసినవా?” అన్నాడు. ఇది ఆయనకు అర్థమయ్యే విషయం కాదని రుజువు చేసే ఉద్దేశంతో కోడ్‌ను ఒక్కో వరుసా చదివి తెలుగులో చెప్పసాగాను. పదకొండో వరుసలో “చివరి సంఖ్య కంటే తక్కువ ఉన్నంతవరకు” అని చెబుతూ ఆగిపోయాను. అక్కడ ‘సమానం’ గుర్తు లేదు; చివరి సంఖ్య లెక్కలోకే రావడం లేదు.

“ఇగ పండుకో” అని ఆయన టార్చి తీసుకుని వెళ్లిపోయాడు. ఆ సవరణకు కూడా ‘చిన్న మార్పు’ అనే రాశాను.