మా అపార్ట్‌మెంట్‌లో ఆఖరి రెండు రోజులు

ఎన్నికల ప్రచారం చివరి వారంలో ఏ పార్టీ ఏం మాట్లాడబోతోందో ముందే చెప్పేయొచ్చని కొందరు రాస్తుంటారు. నాకైతే ఆ నమ్మకం లేదండీ. 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు, మే 8న తెలంగాణలోని వేములవాడ సభలో మోదీ అంబానీ, అదానీల పేర్లెత్తి కాంగ్రెస్‌ను నిలదీస్తారని ఏ విశ్లేషకుడు ఊహించాడు? అప్పటిదాకా ఆ పేర్లు రాహుల్ నోట వినడమే మనకు అలవాటు.

ఊహించగలిగేదల్లా మైకులు మూగబోయాక జరిగే పని. పోలింగ్ ముగిసే వేళకు 48 గంటల ముందే ప్రచారం ఆపేయాలి కదా. ఆ సాయంత్రం మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌కు ఇద్దరు కుర్రాళ్లొచ్చారు. లిఫ్టు పనిచేయక ఐదంతస్తులూ మెట్లెక్కారు, పాపం. చేతిలో ఓటరు లిస్టు, ఫ్లాటు నంబర్ల పక్కన ఎర్ర పెన్నుతో టిక్కులు, కొన్నిచోట్ల 'ఊరు' అని రాసుంది.

"ఆంటీ, ఊరికి పోతున్నరా, ఇక్కడనే ఉంటరా?"

ఓటెవరికని అడగనే లేదు! మే 13 సోమవారం, దాని ముందు రెండో శనివారం, ఆదివారం. పైగా ఆంధ్రలోనూ అదే రోజు పోలింగ్. విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లను టీవీల్లో అందరం చూశాం. మా కూకట్‌పల్లి ఉన్న మల్కాజిగిరి లాంటి సీట్లో వ్యూహమంటే, ఎవరు ఊరెళ్తారో ఎవరుంటారో అన్న ఆ 'ఊరు'ల లెక్కే.

ఇక ఫలితమంటారా, తెలంగాణలోని మొత్తం 17 లోక్‌సభ సీట్లలో కాంగ్రెస్ 8, బీజేపీ 8, మజ్లిస్ 1, బీఆర్ఎస్ సున్నా. ఆ సున్నాను ముందే గట్టిగా చెప్పినవాళ్లు మా వీధి చాయ్ బండి దగ్గర ఒక్కరూ లేరు, నాతో సహా.