సవరణ: ‘వాలీ’ ఒక్క పువ్వు కాదు

అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ బయాలజీ డిపార్ట్‌మెంట్ గ్రీన్‌హౌస్‌లో 2016 జులైలో పూసిన ‘వాలీ’ అనే టైటన్ ఆరమ్ మొక్క పూతని ముందు పోస్టులో ‘ప్రపంచంలోకెల్లా పెద్ద పువ్వు’ అన్నాం. దాన్ని ‘కొమ్మలు లేని అతిపెద్ద పుష్పవిన్యాసం’ (అంటే ఒకే కాడమీది పూల గుంపు) అని చదువుకోవాలి. చూడ్డానికి ఒకే పువ్వు. కానీ మధ్యలో నిలబడే కంకి అడుగున వందలాది చిన్న పూలుంటాయి. ముందు ఆడపూలు, ఆ తర్వాతే మగపూలు విచ్చుకుంటాయి. తన పుప్పొడి తనమీదే పడకుండా ఈ ఏర్పాటు.

అతిపెద్ద ఒంటి పువ్వు రఫ్లీషియా ఆర్నాల్డై. రెండూ ఇండోనేషియాలోని సుమాత్రా దీవివే, రెండూ కుళ్లిన మాంసం కంపు కొట్టేవే, అందుకే ఈ తికమక ఎప్పుడూ ఉండేదే. కంపు గురించి రాసిందాంట్లో మార్పేమీ లేదు. వాలీది మన కంద ప్రజాతే, అమార్ఫోఫాలస్. పెరట్లో కంద పూయగా చూసినవాళ్లకు ఆ వాసన వర్ణించక్కర్లేదు.